వణుకు రాని రోజు

జమ్మలమడుగు దాటి ముద్దనూరు దారి పట్టిన కాసేపటికి సత్తారుకు ఎడమచేతి వేళ్లలో సన్నగా అదురు మొదలైంది. స్టీరింగు అదురేమో అనుకున్నాడు మొదట. బస్సు ముసలిది. గేరు మార్చినప్పుడల్లా ముక్కు నుంచి తోక దాకా గజగజలాడుతుంది. కానీ ఇది బండి అదురు కాదు. మెడ వెనక చెమట పట్టింది. డిసెంబరు చలికి ప్రయాణికులంతా దుప్పట్లు కప్పుకొని ముడుచుకు కూర్చుంటే తన ఖాకీ చొక్కా మాత్రం వీపుకు అతుక్కుపోయింది. ఎవరో వెనకబడి తరుముతున్నట్టు గుండె కొట్టుకుంటోంది.

ఇది అతనికి కొత్త కాదు. ప్రొద్దుటూరులో తెల్లారకముందే లేచి, గాజు సిరంజి ఉడకబెట్టి, తొడలో సూదిమందు పొడుచుకున్నాడు. పక్కింటి అఖ్తర్ బీ పంపిన జొన్నరొట్టె సగం తిన్నాడో లేదో, ఇంజను పట్టడం లేదని షెడ్డు నుంచి పిలుపొచ్చింది. మిగతా సగం జమ్మలమడుగులో తిందాంలే అని గుడ్డలో చుట్టి లేచాడు. ఆ గుడ్డ మూట షెడ్డులోనే మరిచిపోయాడని జమ్మలమడుగు చేరాక గాని తెలియలేదు. అప్పటికే బస్సు ఆలస్యమై జనం గోల పెడుతున్నారు. ఏదైనా కొనుక్కుని తినే వ్యవధి లేదు.

దారి పక్క చింతచెట్టు కనబడగానే బస్సును మెల్లగా దాని కిందికి దించి ఆపేశాడు. ఇంజను ఆపి, తలుపు తీసుకుని దిగి, బండి చాటుకు పోయాడు. జేబులో బెల్లంముక్క ఉంది, చిన్న గుడ్డలో ముడివేసి. ఆ ముడి ఊడిరావడం లేదు. వేళ్లు తన మాట వినడం లేదు. పళ్లతో లాగాడు. కళ్ల ముందు చింతచెట్టు ఒకటి రెండయింది.

కండక్టరు చిన్నసుబ్బయ్య దిగి వచ్చి, "ఏమైంది మామా?" అన్నాడు. సత్తారు జవాబు చెప్పబోతే నాలుక మందంగా తిరిగింది. అంతలో ముందు సీటులోని పెద్దమనిషి కూడా దిగి వచ్చాడు. నాపరాళ్ల కాంట్రాక్టరు. పులివెందులలో ఆయన మాటకు చెల్లుబాటు ఉంది. ఆయన సత్తారును కింది నుంచి పైకి చూసి, చెమట చూసి, ఊగే కాళ్లు చూసి, "ఏమప్పా, పొద్దన్నే పడిందా?" అన్నాడు.

మద్యనిషేధం గట్టిగా ఉన్న కాలమది. సారా వాసన తగిలినా మనిషిని పట్టుకుపోయేవాళ్లు. అందులోనూ నమాజు తప్పని తురకాయనను అనడం. అయినా మామూలప్పుడైతే సత్తారు తల వంచుకుని ఊరుకునేవాడే. ఇరవై ఏండ్లుగా స్టీరింగు పట్టి ఎవరినీ ఒక మాట అన్నవాడు కాదు. కానీ ఆ గుండెదడతో పాటే ఎక్కడి నుంచో కోపం కూడా తన్నుకొచ్చింది. అది తనది కానట్టుగా, ఇంకెవరో తన చేతిని ఎత్తినట్టుగా, కాంట్రాక్టరును రెండు చేతులా వెనక్కి తోశాడు. ఆయన చక్రం మీదికి పడి, పంచె మట్టి చేసుకుని లేచాడు.

బస్సులోని జనమంతా కిటికీల్లోంచి తలలు బయట పెట్టి చూశారు. ఎవరికీ వాసన రాలేదు. అయినా అందరూ తలలాడించారు.

ముడి ఊడి బెల్లం నోట్లో పడ్డాక, బస్సు మెట్టు మీద కూర్చున్న సత్తారుకు కాసేపటికి వణుకు దిగిపోయింది. చెమట ఆరి చలి వేసింది. చేసిన పని అప్పుడు తెలిసొచ్చింది. కాంట్రాక్టరు దగ్గరికి పోయి తప్పయిందన్నాడు. ఆయన మొహం తిప్పుకున్నాడు. సత్తారు పులివెందుల దాకా బస్సును మెత్తగా, ఒక్క గుంత కూడా తగలకుండా తోలాడు.

పులివెందుల బస్టాండు పక్క గదిలో ఓనరు ఓబులరెడ్డి కూర్చుని ఉన్నాడు. సత్తారు బండి నిలిపి వచ్చేలోపే కాంట్రాక్టరు చెప్పాల్సింది చెప్పిపోయాడు. ఓబులరెడ్డి కోపిష్టి కాదు. మనుషుల కంటే బండ్లను ఎక్కువగా నమ్మే మనిషి, అంతే. తాగినావా అని సత్తారును అడిగాడు. లేదన్నాడు సత్తారు. మరి ఆ చెమటేంది, ఆ ఊగుడేంది అని అడిగితే పలకలేదు. చక్కెర జబ్బు అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ మాట బయటికొస్తే స్టీరింగు శాశ్వతంగా పోతుంది. మూర్ఛ వస్తుందని తెలిసిన రోజే ఒక డ్రైవరుకు లైసెన్సు పీకేశారు. తాగినాడన్న మాటైతే నాలుగు నెలలకు మరిచిపోతారు. జబ్బును ఎవరూ మరిచిపోరు.

ఓబులరెడ్డి చిన్నసుబ్బయ్య వైపు తిరిగి, నువ్వు పక్కనే ఉంటివి కదా, ఏం చూసినావని అడిగాడు. చిన్నసుబ్బయ్య చేతిలోని టిక్కెట్ల కట్టకు రబ్బరుబ్యాండు చుట్టి, విప్పి, మళ్లీ చుట్టాడు. ఏండ్ల తరబడి ఒకే బండిలో తిరిగి, ఒకే చెట్టు నీడన పడుకున్న మనిషి అతను. సత్తారు ఆ వేళ్లనే చూస్తూ నిలబడ్డాడు.

"నేను వెనకాల ఉంటిన్నా. నాకేం కనపళ్లేదు," అన్నాడు చిన్నసుబ్బయ్య.

"కేసూ గీసూ పెట్టను. తాళం ఆడ పెట్టి పో," అన్నాడు ఓబులరెడ్డి.

ప్రొద్దుటూరులో సత్తారుది ఒకే గది. మసీదు వెనక సందులో, మగ్గాల చప్పుడు మధ్య. భార్య మైమూన్ పోయినప్పటి నుంచి ఆ గదిలో అతని గొంతు పెద్దగా వినబడదు. అఖ్తర్ బీ పొద్దునా మాపూ రొట్టె చేసి గోడ మీది నుంచి అందిస్తుంది. నెలకింతని ఇస్తాడు. ఆ సంగతి ఇద్దరి మధ్యా ఎంత పాతబడిందంటే, గోడ మీద పళ్లెం చప్పుడు వినబడితే పొద్దు పొడిచినట్టు, ఇంకోసారి వినబడితే పొద్దు గూకినట్టు.

పులివెందుల మాట అతనికంటే ముందే సందులోకి వచ్చేసింది. మరునాడు పొద్దున గోడ మీద పళ్లెం చప్పుడు కాలేదు. ఎదిగిన కొడుకులున్న ఇల్లు, తాగుబోతుకు వండిపెట్టడమేందని వాళ్లు అడ్డుపడ్డారని తర్వాత తెలిసింది. మసీదులో వరసలో నిలబడితే పక్కాయన ఒక అంగుళం జరిగాడు. కొంచెమే. మాట అన్నా బాగుండేదేమో. సలాముకు జవాబులు వచ్చేవి గాని, పెదవుల దగ్గరే ఆగిపోయేవి. టీ కొట్టు బల్ల మీద తను కూర్చుంటే మాట్లాడుకుంటున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని లేచేవాళ్లు.

వంట చేసుకోవడం అతనికి రాదు. బొరుగులు తెచ్చుకుని నీళ్లలో నానబెట్టుకుని తినేవాడు. ఒక్కోపూట అదీ మరిచిపోయేవాడు. సూది మాత్రం మరిచిపోలేదు. అలవాటు ప్రకారం పొద్దున్నే స్టవ్వు మీద సిరంజి ఉడికేది. ఇసుకలో పెట్టిన తడికుండలోంచి మందుసీసా తీసి, మైమూన్ ఉన్నప్పుడు ఎంత లాగేవాడో, కడుపునిండా రొట్టె తిన్నప్పుడు ఎంత లాగేవాడో, అంతే లాగి పొడుచుకునేవాడు. తర్వాత గాజుగొట్టం తీసేవాడు. ఆసుపత్రిలో ఇచ్చిన నీలం మందులో తన మూత్రం కొన్ని చుక్కలు వేసి దీపం మీద కాచాలి. చక్కెర ఉంటే నీలం పచ్చబడుతుంది, ఇంకా ఉంటే పసుపు, మరీ ఎక్కువైతే ఇటుకరంగు. ఇన్నేండ్లలో అతనికి ఎప్పుడూ పచ్చో పసుపో వచ్చేది. ఇప్పుడు పూటపూటకూ నీలమే. గొట్టం కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఆ నీలాన్ని శానాసేపు చూసేవాడు. ఈ లోకంలో తనకు మంచివాడని సాక్ష్యం చెప్పేది అదొక్కటే అనిపించేది.

మొదట్లో వణుకు గట్టిగానే వచ్చింది. మధ్యాహ్నం గోడకానుకుని కూర్చుంటే చెమటలు కారి, గుండె దడదడలాడి, డబ్బాలోని బెల్లం కోసం పాక్కుంటూ పోయాడు. మళ్లీ వచ్చింది గాని అంత గట్టిగా లేదు. తర్వాత చేతివేళ్లు కాస్త అదిరి ఊరుకున్నాయి. ఇంకో రెండు రోజులకు అదీ లేదు. తల కొంచెం దూదిలా ఉండేది. కుండలో నీళ్లు ముంచబోయి గ్లాసు పట్టుకుని ఎందుకొచ్చానా అని నిలబడేవాడు. అంతేగాని వణుకూ లేదు, చెమటా లేదు. జబ్బు లొంగిందనుకున్నాడు. చుట్టూ మనుషులున్నప్పుడు లొంగనిది, ఎవరూ లేనప్పుడు లొంగిందని నవ్వుకున్నాడు కూడా. ఆ గదిలో అతను నవ్వి ఎన్నాళ్లయిందో.

సీసా అడుగంటడంతో జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి బయలుదేరాడు. తను తోలిన బస్సులోనే పోవాల్సి వచ్చింది. కొత్త డ్రైవరు కుర్రతనంగా గేర్లు విరగ్గొడుతుంటే ప్రతి కర్రుమన్న చప్పుడూ తన ఎముకల్లో వినబడింది. చిన్నసుబ్బయ్య అతని దగ్గరికి వచ్చి టిక్కెట్టు అడగలేదు. అటు నుంచి అటే వెనక్కి తిరిగిపోయాడు.

డాక్టరమ్మ కోస్తా మనిషి. మాట మెత్తగా ఉన్నా ముక్కుసూటిగా అడుగుతుంది. సత్తారు సంతోషంగా చెప్పుకున్నాడు, నీలమే వస్తోందని, వణుకు పూర్తిగా పోయిందని. ఆమె రాస్తున్న కలం ఆపేసింది. మెచ్చుకుంటుందనుకున్న మొహంలో నవ్వు లేదు. ఏం తింటున్నావని అడిగింది. బొరుగులన్నాడు. ఎంత మందు పొడుచుకుంటున్నావంది. ఎప్పటంతేనన్నాడు.

"నీలం వచ్చిందంటే చక్కెర ఎక్కువ లేదని అర్థం. ఎంత కిందికి పడిపోయిందో ఆ నీలం చెప్పదయ్యా," అందామె. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని, అతనికి అర్థమయ్యేదాకా చెప్పింది. మూత్రపిండాల మీద టోపీల్లాంటి చిన్న గ్రంథులుంటాయట. నెత్తుట్లో చక్కెర పడిపోతే, పాము కనబడినప్పుడు ఒళ్లెట్లా ఉలిక్కిపడుతుందో, అట్లా అవి ఉలిక్కిపడి ఒక రసాన్ని నెత్తుట్లోకి వదుల్తాయట. దాచిన చక్కెరను బయటికి లాగేది అదే, గుండెదడ అదే, చెమట అదే, వణుకు అదే. ఉన్నట్టుండి వచ్చే కోపమూ అదే. ఆ మాట దగ్గర సత్తారు తల ఎత్తాడు. చక్రం మీదికి పడిన కాంట్రాక్టరు కళ్ల ముందు కదిలాడు.

"అది జబ్బు కాదు. లేచి తినమని నీ ఒళ్లు నిన్ను కేకెయ్యడం. మాటిమాటికీ చక్కెర పడిపోతుంటే ఆ కేక ఆగిపోతుంది. ఎందుకాగుతుందో మాకూ పూర్తిగా తెలీదు. ఆగిన మనుషుల్ని మాత్రం చూశాను. వాళ్లకు మంచిగానే ఉన్నట్టుంటుంది. మాట్లాడుతూ, నడుస్తూనే ఉంటారు. బుర్ర మాత్రం అక్కడ ఉండదు."

మందు సగానికి తగ్గించమంది. వేళకు కడుపునిండా తినమంది. కొన్నాళ్లు గొట్టంలో పచ్చరంగు వచ్చినా భయపడొద్దంది. పడిపోకుండా కాపాడుకుంటే ఆ కేక మళ్లీ రావచ్చు, రాకనూపోవచ్చు, అంతదాకా ఒంటరిగా ఉండొద్దంది. ఏం పని చేస్తావని చివర్లో అడిగితే, బస్సు షెడ్డులో ఉంటానని చెప్పాడు. స్టీరింగు మాట ఎత్తలేదు.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలోనే పడుకుని, మరునాడు సాయంత్రం ఇంటికొచ్చేసరికి గది గడప మీద చిన్నసుబ్బయ్య కూర్చుని ఉన్నాడు. కొత్త డ్రైవరు ముందురోజు సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఎద్దులబండిని గీరి, బస్సును కాలవలో దించాడట. చిన్నసుబ్బయ్య ఓనరు దగ్గర నోరు విప్పాడు. సత్తారు మామ దగ్గర ఏ వాసనా రాలేదని, బెల్లం తినంగానే మనిషి సర్దుకున్నాడని, ఆ రోజు భయపడి చెప్పలేదని చెప్పాడట. ఓబులరెడ్డి మిషన్ ఆసుపత్రి కాంపౌండరు దగ్గర వాకబు చేయిస్తే, సత్తారు చక్కెర జబ్బుకు మందు తీసుకుపోతాడే గాని తాగుడు ఎరగడని తేలింది. చక్కెర జబ్బు ఓబులరెడ్డి తల్లికీ ఉంది. ఆమె పథ్యం చేసుకుంటూ తిరుగుతుంది. అదేం పెద్ద రోగం కాదని ఆయన లెక్క.

"నువ్వే రావాలంట మామా. రేపు ఓబులరెడ్డన్న గూడా బండ్లోనే వస్తాండు, నీ పక్కనే కూసుంటాడంట. నలుగురూ చూడాలని," అన్నాడు చిన్నసుబ్బయ్య. అని, తల వంచుకుని చెప్పుల మన్ను గీక్కుంటూ ఇంకాసేపు కూర్చున్నాడు. ఏమన్నా అంటాడేమోనని ఎదురుచూసి, ఆఖరికి లేచిపోయాడు.

చిన్నసుబ్బయ్య మాట గోడ అవతలికీ వినబడిందేమో, ఆ మాపు గోడ మీద పళ్లెం చప్పుడయింది. రొట్టె, పక్కన గోగాకు పచ్చడి. సత్తారు రొట్టె ముందు కూర్చున్నాడు గాని, సంతోషంలో రెండు తునకలకు మించి తినలేకపోయాడు. మరునాడు పొద్దున సూది పట్టుకున్నప్పుడు డాక్టరమ్మ మాట గుర్తుకొచ్చింది. మందు తగ్గిస్తే చక్కెర పెరుగుతుంది. పెరిగితే దప్పిక, గంటకోసారి దిగి చెట్టు చాటుకు పోవడం. ఓనరు పక్కన కూర్చునే రోజు అదెట్లా. ఈ ఒక్క రోజుకే అనుకుని ఎప్పటంతే లాగాడు.

స్టీరింగు చేతికి తగలగానే ఒళ్లు తేలికయింది. జమ్మలమడుగు దాకా బస్సు పాత స్నేహితుడిలా మాట విన్నది. ఓబులరెడ్డి ముందు సీట్లో కూర్చుని, ఎక్కిన ప్రతి పెద్దమనిషికీ వినబడేలా మా సత్తారు మా సత్తారు అంటున్నాడు. జమ్మలమడుగులో జనం దండిగా ఎక్కారు. పెన్న గాలి చల్లగా తగులుతోంది. చింతచెట్టు ఎదురొచ్చింది. అది దాటిందీ గుర్తుంది.

ఆ తర్వాత ముద్దనూరులో బస్సు ఆగి ఉంది. చిన్నసుబ్బయ్య కిటికీలోంచి అరటిపండ్లు అందించాడు. సత్తారు రెండు తిన్నాడు. మూడోది ఒలుస్తుండగా, నీళ్లలోంచి తల పైకెత్తినట్టు చుట్టూ చప్పుళ్లు స్పష్టంగా వినబడ్డాయి. సోడాలమ్మే మనిషి కేక, మేకల అరుపు. ఇక్కడికి ఎప్పుడొచ్చాం?

ఓబులరెడ్డి అతని భుజం తట్టి దిగాడు. బండి నూనెలో జారినట్టు వచ్చిందని వెనక సీట్లవాళ్లు చెప్పుకుంటున్నారు.

"రైలుగేటు కాడ మాత్రం భయపెట్టిస్తివి మామా," అన్నాడు చిన్నసుబ్బయ్య నవ్వుతూ. "గేటాయన దించుతానే ఉండాడు, నువ్వు సందులో దూర్చి దాటిస్తివి. మన తోక దాటిందో లేదో గూడ్సు వచ్చె. లేకుంటే ఆడ్నే అరగంట కూసుండాల. అందరూ సంబరపడిరి. దానికి ముందర ఇద్దరు ఆడోళ్లు చెయ్యెత్తితే గూడా నిలపకపోతివే, నేను గంట కొడ్తానే ఉంటి."

సత్తారుకు గేటు గుర్తు లేదు. గంట గుర్తు లేదు. చెయ్యెత్తిన ఆడవాళ్లు లేరు. చింతచెట్టుకూ అరటిపండుకూ మధ్య దారే లేదు. కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. రాయిలా నిలకడగా ఉంది. చొక్కా వీపు తడుముకున్నాడు. పొడిగా ఉంది.

"నాకు చెమట పట్టిందా సుబ్బయ్యా? చెయ్యి గిన అదిరిందా?"

"లేదు మామా. దొరమాదిరి కూసున్నావు."

సత్తారు వెనక్కి తిరిగి బస్సులోకి చూశాడు. పాలిచ్చే తల్లి, ఊతకర్ర పట్టుకున్న ముసలాయన, బడిపంతులు, సంతకు పోయేవాళ్లు. ఒకరి మీద ఒకరు ఒరిగి, నిశ్చింతగా. చింతచెట్టు కింద తను ఊగుతూ దిగిన రోజున వీళ్లకు ఏ ప్రమాదమూ లేదు. ఆ రోజు ఒళ్లు కేకేసింది, తను ఆపాడు. ఈ రోజు అందరూ మెచ్చుకున్నారు.

ఇంజను ఆపేశాడు. తాళం తీసుకుని దిగి, టీ తాగుతున్న ఓబులరెడ్డి దగ్గరికి పోయి చెయ్యి చాపాడు. తాళం చూసి, బండికేమైందని అడిగాడాయన.

"బండికేం గాలేదన్నా. నేను తోలను."

"చెయ్యి వణుకుతాందా?"

"వణకడంల్యా. అదే నా బాధ."

ఓబులరెడ్డికి అర్థం కాలేదు. సత్తారు చెప్పాడు, గేటు తనకు గుర్తు లేదని, వచ్చిన దారే గుర్తు లేదని. ఓబులరెడ్డి గ్లాసు కింద పెట్టాడు. నలుగురిలో నీ కోసం నేను మాట్లాడితే ఇట్లా చేస్తివే అన్నాడు. ఆ మాటలో కోపం కంటే భయమే ఎక్కువుంది. తాళం తీసుకుని, తెలిసిన లారీ డ్రైవరునొకణ్ని వెతికి పట్టుకొచ్చి బస్సెక్కించాడు. అప్పటికి ప్రయాణికులకు విసుగొచ్చింది. మళ్లీ తాగినాడా ఏమిరా అని ఎవరో అంటే, ఇంకెవరో నవ్వారు. కిటికీలోంచి చిన్నసుబ్బయ్య ఏదో చెప్పబోయాడు. బస్సు కదిలిపోయింది. అది మలుపు తిరిగేదాకా సత్తారు గేర్ల చప్పుడు వింటూ నిలబడ్డాడు. లారీ డ్రైవరు పనివాడే.

జమ్మలమడుగు పోయే ఇంకో సర్వీసు మధ్యాహ్నానికి వచ్చింది. సత్తారు డ్రైవరు వైపు చూడకుండా వెనకగా పోయి, ఒక పెద్దామె పక్కన కూర్చున్నాడు. ఆమె ఒళ్లో చీనీకాయల గంప ఉంది. బస్సు బయల్దేరింది. ఎప్పుడూ ముందుకే చూసిన దారి పక్కగా వెనక్కి పోతుంటే కండ్లు తిరిగినట్టయింది. ఇది కండ్లు తిరగడమేనా, ఇంకేమన్నానా? తెలుసుకునే దారి లేదు. చక్కెర జబ్బన్న మాట ఇన్నాళ్లూ ఆసుపత్రి బయట తన నోటితో అనలేదు. ఆసుపత్రి ఇంకా శానా దూరం.

"అమ్మా, ఒక మాట," అన్నాడు. "నాకు చక్కెర జబ్బుండాది. ఉన్నట్టుండి మతి తప్పుతాది. నాకే తెలీదు. మాట తేడాగొస్తే నా నోట్లో ఇంత తీపి పెట్టి, జమ్మలమడుగు ఆస్పత్రికాడ దింపమని చెప్తావా?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. పక్కకు జరగలేదు. గంప కాళ్ల దగ్గరికి దించి, అతని మొహం బాగా కనబడేలా ఇటు తిరిగి కూర్చుంది.

"నా పేరు పెంచలమ్మ. నీ పేరేందప్పా?"

"సత్తార్."

"ఇంట్లో ఎవురుండారు?"

"ఎవురూ లేరు."

ఆమె గంపలోంచి ఒక కాయ తీసి, ఒలిచి, తొనలు పైటచెంగులో పెట్టుకుని సిద్ధంగా ఉంచుకుంది. బస్సు రైలుగేటు దగ్గర ఆగి, రైలు పోయాక మెల్లగా దాటింది. దాటగానే ఆమె అతని మోచేతి మీద తట్టింది.

"నీ పేరేందప్పా?"

"సత్తారమ్మా."

రేగడి చేలు వచ్చాయి, పోయాయి. ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు. ఆమె మళ్లీ అడిగింది. అతను మళ్లీ చెప్పాడు. మొదట సిగ్గనిపించింది. ముందు సీటువాళ్లు తిరిగి చూశారు కూడా. తర్వాత ఆ అడగడం కోసం ఎదురుచూడసాగాడు. దారి పొడుగునా పెంచలమ్మ అడుగుతూనే ఉంది, చూపు అతని మొహం మీది నుంచి తిప్పకుండా. అతను ప్రతిసారీ గొంతు సర్దుకుని, తప్పు పోకుండా తన పేరు తను చెబుతూనే ఉన్నాడు.